హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత తల మీద పొక్కులు: ఇంట్లో ఎంతవరకు చూసుకోవచ్చు, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న చాలామందికి రెండో నెలలోనో మూడో నెలలోనో ఒక కొత్త టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి గాట్ల మీద కట్టిన చెక్కులన్నీ రాలిపోయి తల శుభ్రంగా కనిపిస్తుంటుంది. నాటిన వెంట్రుకల్లో చాలావరకు ఊడిపోయి ఉంటాయి. కొత్తవి ఎప్పుడు వస్తాయా అని రోజూ అద్దంలో వెతుక్కుంటుంటే, వెంట్రుకలకు బదులు ఎర్రటి పొక్కులు కనిపిస్తాయి. కొన్నిటికి తెల్లటి చీము మొన ఉంటుంది, చెయ్యి తగిలితే సలుపుతాయి. పెట్టిన డబ్బంతా పోయినట్టేనా అన్న భయం వెంటనే పట్టుకుంటుంది.

విజయవాడ, గుంటూరు వాళ్లకి ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. కొందరు ఊళ్లోనే క్లినిక్‌లో చేయించుకుంటారు, కొందరు హైదరాబాద్ వెళ్లి చేయించుకుని మర్నాడో ఆ మర్నాడో వచ్చేస్తారు. మొదటి పది రోజులు ఫోన్లు, వాట్సాప్ ఫొటోలు బాగానే నడుస్తాయి. పొక్కులు వచ్చే నాటికి ఆ సంబంధం పల్చబడి ఉంటుంది. దాంతో మొదటి సలహా ఇంట్లోవాళ్ల నుంచి, రెండోది మంగలి షాపు నుంచి, మూడోది మందుల షాపు నుంచి వస్తుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా తల మీద పూయడానికి ఏదో ఒకటి చెప్తారు. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వచ్చే పొక్కుల్లో ఎక్కువ భాగం వాటంతట అవే తగ్గేవే. కుదుళ్లకు దెబ్బ తగిలేది చాలాసార్లు వాటిని గిల్లడం వల్ల, తెలియని మందులు పూయడం వల్ల, నిజంగా చూపించాల్సిన పొక్కును వారాల తరబడి ఇంట్లోనే దాచుకోవడం వల్ల. అందుకే ఏది వదిలేయాలో ఏది చూపించాలో తేల్చుకోవడం ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం.

పొక్కు ఎందుకు వస్తుంది

వెంట్రుక మొలిచే కుదురు వాచి, ఎర్రబడి, చీము పట్టడాన్ని ఫాలిక్యులైటిస్ అంటారు. ఆ పేరు వినగానే ఇన్‌ఫెక్షన్ అనుకుంటారు కానీ, ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వచ్చే దానిలో చాలాసార్లు క్రిములే ఉండవు.

తల వెనక నుంచి కుదుళ్లతో సహా తీసిన చిన్న చర్మపు ముక్కను గ్రాఫ్ట్ అంటారు. ఒక్కో గ్రాఫ్ట్‌లో మామూలుగా ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. దాన్ని ముందు భాగంలో చేసిన సన్నటి గాటులో కూర్చోబెడతారు. సుమారు పది రోజుల్లో అది గట్టిగా అతుక్కుంటుంది. రెండో వారం నుంచి ఆరో వారం లోపల పైకి కనిపించే వెంట్రుక రాలిపోతుంది, కుదురు మాత్రం లోపలే ఉంటుంది. కృష్ణా డెల్టాలో నాటు వేసిన వరి కొన్నాళ్లు పసుపు తిరిగి, వేరు పట్టాకే పచ్చబడుతుంది కదా, ఇక్కడా అలాంటి విరామమే ఉంటుంది. మూడో నెల, నాలుగో నెల ప్రాంతంలో కుదురు మళ్లీ పని మొదలుపెట్టి వెంట్రుకను పైకి తోస్తుంది.

చిక్కు అక్కడే వస్తుంది. పైన చర్మం అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. కొత్త వెంట్రుక సన్నగా, బలం లేకుండా ఉంటుంది. కొన్ని వెంట్రుకలు చర్మాన్ని చీల్చుకుని బయటికి రాలేక, లోపలే వంగి పెరుగుతాయి. తన వెంట్రుకే అయినా, ఉండకూడని చోట ఉన్నప్పుడు శరీరం దాన్ని పరాయి వస్తువులాగే చూస్తుంది. అక్కడికి తెల్ల రక్తకణాలు చేరతాయి, చోటు ఎర్రబడుతుంది, చీము కనిపిస్తుంది. ఆ చీములో బ్యాక్టీరియా ఉండాల్సిన పని లేదు. వెంట్రుక బయటపడగానే పొక్కు అణిగిపోతుంది. గ్రాఫ్ట్ మరీ లోతుగా కూర్చున్నా, చర్మపు ముక్క లోపల చిక్కుకున్నా ఇలాగే చిన్న గడ్డలు కడతాయి. గ్రాఫ్ట్‌లు తీసిన తల వెనక భాగంలో కూడా, మిషన్ మొన తగిలి తెగిన వెంట్రుక ముక్కలు లోపల ఉండిపోతే పొక్కులు వస్తాయి. అక్కడ రాత్రంతా దిండు ఒరుసుకుంటుంది కాబట్టి అవి తగ్గడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది.

క్రిములతో వచ్చే ఫాలిక్యులైటిస్ కూడా ఉంది. దానికి ఎక్కువగా కారణమయ్యేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. చాలామంది ముక్కులో, చర్మం మీద అది మామూలుగానే ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టిన వేలితోనే తల గోక్కుంటే, గోటి గాటు ద్వారా లోపలికి దిగుతుంది. ఇక మూడో రకం మలసీజియా అనే ఫంగస్ వల్ల వచ్చేది. చుండ్రుతో సంబంధమున్నదీ ఇదే. చెమట, జిడ్డు ఉన్న తల దీనికి అనుకూలం. ఈ రకంలో నొప్పి కంటే దురద ఎక్కువ, పొక్కులు చిన్నగా దాదాపు ఒకే సైజులో గుంపుగా వస్తాయి. దీనికి యాంటీబయాటిక్ మింగితే తగ్గకపోగా పెరగొచ్చు. ఏ రకమో తెలియకుండా మందుబిళ్లలు కొనుక్కోకూడదని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

ముందు చూడాల్సింది క్యాలెండర్

పొక్కు చూడటానికి ఎలా ఉందన్న దానికంటే, ఆపరేషన్ అయిన ఎన్నో వారంలో వచ్చిందన్నది ఎక్కువ సంగతి చెప్తుంది.

మొదటి రెండు వారాల్లో చీము కనిపించినా, నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, అది ఇంటి వైద్యం చేసే విషయం కాదు. గాట్లు ఇంకా పచ్చిగా ఉంటాయి, గ్రాఫ్ట్‌లు పూర్తిగా అతుక్కుని ఉండవు. కాపడం కూడా పెట్టకూడదు. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి అదే రోజు చెప్పాలి.

మూడో వారం నుంచి ఆరో నెల వరకు అక్కడొకటి ఇక్కడొకటిగా పొక్కులు రావడం, నాలుగైదు రోజుల్లో అణిగిపోవడం, ఇంకోచోట మళ్లీ రావడం సాధారణం. ఇంట్లో చూసుకోగలిగింది ముఖ్యంగా ఈ దశలోనే. ఇలాంటి పైపై పొక్కుల వల్ల గ్రాఫ్ట్ పోదు. కొత్త వెంట్రుకలు బయలుదేరుతున్న సమయంలో వస్తున్నాయి కాబట్టి చాలామంది సర్జన్లు వీటిని చూసి కంగారుపడరు.

ఆరు నెలలు దాటాక కూడా ఒకే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే, అక్కడ వెంట్రుకలు పల్చబడుతుంటే మాత్రం లెక్క వేరు. దాని సంగతి కింద ఉంది.

ఇంట్లో చేయగలిగింది

మొదటిది గోరువెచ్చని నీళ్ల కాపడం. చెక్కులన్నీ రాలిపోయాకే, అంటే దాదాపు రెండు వారాలు దాటాకే మొదలుపెట్టాలి. నీళ్లు మరిగించి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చి, ఉతికిన మెత్తటి నూలు గుడ్డను ముంచి పిండి, పొక్కు మీద ఐదు నుంచి పది నిమిషాలు మెల్లగా ఆనించి ఉంచాలి. రోజుకు రెండు మూడు సార్లు చాలు. వెచ్చదనానికి పైచర్మం మెత్తబడి, లోపల ఇరుక్కున్న వెంట్రుకకు దారి దొరుకుతుంది. ప్రతిసారీ ఉతికిన గుడ్డే వాడాలి, వాడినదాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి.

ఈ కాపడంలో ఒక ప్రమాదం ఉంది, దాని గురించి క్లినిక్‌లో గట్టిగా చెప్పకపోవచ్చు. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత తల పైభాగంలో కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు, స్పర్శ తక్కువగా ఉంటుంది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆ చర్మానికి తెలియదు. మామూలుగా అయితే చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడి కూడా అక్కడ హాయిగా అనిపించవచ్చు. అందుకే గుడ్డను ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోవాలి, అక్కడ సుఖంగా ఉంటేనే తల మీద పెట్టాలి. పెనం మీద కాచిన ఉప్పు మూటలు, హాట్ వాటర్ బ్యాగులు, హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి ఈ తలకు పనికిరావు. వేడికి కాలితే పొక్కు కంటే పెద్ద గాయమవుతుంది, ఆ గాయం కింద ఉన్న కుదుళ్లు పోతాయి.

రెండోది తలస్నానం. పొక్కులు వచ్చాయని కొందరు తలస్నానం మానేస్తారు. చెమట, జిడ్డు, రాలిన పొట్టు అన్నీ కుదుళ్ల నోళ్ల దగ్గర పేరుకుని పొక్కులు ఇంకా పెరుగుతాయి. సర్జన్ చెప్పిన షాంపూ, లేదంటే ఏ ఘాటూ లేని మామూలు షాంపూతో రోజూ, లేదా రోజు మార్చి రోజు స్నానం చేయవచ్చు. షాంపూను ముందు అరచేతిలో నురగ చేసి, వేళ్ల మెత్తటి భాగంతో అద్దాలి. గోళ్లు తగలకూడదు. మొదటి రెండు వారాలు షవర్ ధార నేరుగా పడనివ్వకుండా మగ్గుతో మెల్లగా పోసుకోవాలి. గుంటూరు చుట్టుపక్కల, విజయవాడ శివారు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బోరు నీళ్లే దిక్కు. ఉప్పు నీళ్లలో షాంపూ సరిగా నురగ రాదు, సరిగా వదలదు. వీలైతే చివరి రెండు మగ్గులైనా మున్సిపల్ నీళ్లతోనో ఫిల్టర్ నీళ్లతోనో పోసుకుంటే తల తేలికపడుతుంది. కుంకుడుకాయ రసం, సీకాయ పొడి మంచివే అయినా పిప్పి, పొడి రేణువులు కుదుళ్ల దగ్గర ఇరుక్కుంటాయి, వాటిని వదిలించడానికి రుద్దాల్సి వస్తుంది. ఈ కొన్ని నెలలు వాటిని పక్కన పెట్టడం మేలు.

మూడోది, అన్నిటికన్నా కష్టమైనది, చేతులు అదుపులో పెట్టుకోవడం. తెల్ల మొన కనిపిస్తే చిదమాలనిపిస్తుంది. చిదిమితే చీములో కొంత బయటికి వస్తుంది, కొంత లోపలికి చిమ్ముతుంది. పైన ఉన్న పొక్కు లోతైన గడ్డ అవుతుంది, కుదురు దెబ్బతింటుంది, మచ్చ పడితే ఆ చోట వెంట్రుక మళ్లీ రాదు. చర్మం కింద వంగిన వెంట్రుక నల్లటి గీతలా కనిపిస్తే సూదితో లేపడం, ట్వీజర్‌తో లాగడం కూడా ఇంట్లో చేయకూడదు. నాలుగు రోజులు కాపడం పెట్టినా అది బయటికి రాకపోతే, చర్మ డాక్టర్ శుభ్రమైన సూదితో ఒక్క నిమిషంలో దాన్ని విడిపిస్తారు. దురద ఆపుకోలేనివాళ్లు రాత్రి పడుకునే ముందు గోళ్లు పూర్తిగా కత్తిరించుకోవడం మంచిది, ఎందుకంటే నిద్రలో గోక్కోవడం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

దిండు గలీబు మార్చడం చిన్న పనే అయినా మేలు చేస్తుంది. పొక్కులున్నన్నాళ్లు రోజూ, కనీసం రెండు రోజులకోసారి మార్చాలి. తువ్వాలు, దువ్వెన, టోపీ ఎవరితోనూ పంచుకోకూడదు.

కొబ్బరినూనె దగ్గర ఇంట్లో తప్పకుండా వాదన జరుగుతుంది. తల ఎండిపోయింది, నూనె లేక పొక్కులు వచ్చాయి అని అమ్మ గిన్నె పట్టుకుని వస్తుంది. ఆమె ప్రేమను కాదనలేం కానీ, వాచిన కుదుళ్ల మీద నూనె పట్టిస్తే వాటి నోళ్లు మూసుకుపోతాయి. పైగా మలసీజియా బతికేదే కొవ్వు పదార్థాల మీద. పొక్కులు పూర్తిగా తగ్గి, సర్జన్ సరేనన్నాక నూనె మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

పసుపు ముద్ద, వేపాకు నూరిన పేస్టు, ఉల్లిరసం, నిమ్మరసం గురించి కూడా ఇదే మాట. వేపకు, పసుపుకు క్రిములను అణిచే గుణం కొంత ఉన్నమాట నిజమే. అయితే రోట్లో నూరిన ముద్దలో ఆకు పీచు ఉంటుంది, దుమ్ము ఉంటుంది, అది శుభ్రం చేసిన మందు కాదు. ఉల్లి, నిమ్మ రసాలు వాచిన చర్మాన్ని మండిస్తాయి, ఎర్రదనం పెంచుతాయి, ఆ తర్వాత చూసిన డాక్టర్‌కి ఏది పొక్కో ఏది మంటో తెలియకుండా చేస్తాయి. ఇక సెగగడ్డ పండటానికి సున్నం, బెల్లం కలిపి పెట్టే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ట్రాన్స్‌ప్లాంట్ చేసిన తల మీద ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది.

"వేడి చేసింది, అందుకే లేచాయి" అన్న మాట ఏ ఇంట్లోనైనా వినిపిస్తుంది. మామిడిపండు మానేయించి మజ్జిగ తాగిస్తారు. మజ్జిగ వల్ల నష్టం లేదు, మండుటెండల్లో మంచిదే. కానీ వెంట్రుక చర్మం కింద వంగి వచ్చిన పొక్కు మామిడిపండు వల్ల వచ్చింది కాదు, ఆవకాయ మానేస్తే తగ్గదు. తిండి వైపు నుంచి నిజంగా చూడాల్సింది షుగర్. షుగర్ అదుపులో లేనివాళ్లకి చర్మపు ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి, ఆలస్యంగా మానతాయి. పొక్కులు పదేపదే వస్తుంటే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం, పది రకాల పథ్యాల కంటే పనికొచ్చే పని. సిగరెట్ తాగేవాళ్లు ఈ కాలమైనా మానాలి. అది చర్మానికి అందే రక్తాన్ని తగ్గిస్తుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఎండ, హెల్మెట్, మిర్చి ఘాటు, దీక్ష

ఈ ప్రాంతంలో ఎండాకాలం ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా వెళ్లే రోజులుంటాయి. దానికి తోడు గాలిలో తేమ. తలలో చెమట ఆరదు. ట్రాన్స్‌ప్లాంట్‌కు తేదీ ఎంచుకునే వీలుంటే ఏప్రిల్, మే నెలలు వదిలేసి చలికాలం పెట్టుకోవడం తెలివైన పని. పెళ్లి ముహూర్తాన్ని బట్టో సెలవుల్ని బట్టో ఎండాకాలంలోనే చేయించుకున్నవాళ్లు, మధ్యాహ్నం బయట తిరిగే పని తగ్గించుకోవాలి. బయటి నుంచి రాగానే చెమటను మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి, తుడవకూడదు. జిమ్‌కు, ఈతకు సర్జన్ చెప్పిన గడువు పూర్తయ్యేదాకా ఆగాలి. పొక్కులు ఉన్నప్పుడు ఆ గడువు ఇంకాస్త పెరుగుతుంది.

హెల్మెట్ విషయంలో రెండు వైపులా చూడాలి. తల కాపాడుకోవాలంటే హెల్మెట్ తీసేసి బండి నడపడం దారి కాదు, అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గ్రాఫ్ట్‌లు అతుక్కునే మొదటి వారాల్లో బండి పక్కన పెట్టి ఆటోలోనో బస్సులోనో వెళ్లాలి. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వచ్చిపోయేవాళ్లకి ఆర్టీసీ బస్సే ఆ కొన్నాళ్లు సుఖం. తర్వాత హెల్మెట్ మొదలుపెట్టినప్పుడు లోపలి మెత్త తీసి ఉతకడానికి వీలయ్యేది చూసుకుని, దాన్ని వారానికోసారైనా ఉతకాలి. హెల్మెట్ కింద శుభ్రమైన నూలు గుడ్డ కట్టుకుంటే చెమట అది పీలుస్తుంది. తడిసిన గుడ్డను మళ్లీ మర్నాడు కట్టుకుంటే లాభం పోయి నష్టమే మిగులుతుంది.

గుంటూరు మిర్చి యార్డులో, చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో, కారం మిల్లుల్లో పనిచేసేవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మిర్చి ధూళి ఆరోగ్యంగా ఉన్న చర్మాన్నే మండిస్తుంది. మానుతున్న తల మీద పడి, చెమటతో కలిసి, కుదుళ్ల నోళ్లలో దిగితే మంట, దురద, గోకుడు వరసగా వస్తాయి. ఆ పనిలో ఉన్నవాళ్లు సీజన్ అయ్యాక ట్రాన్స్‌ప్లాంట్ పెట్టుకోవడం, లేదా కనీసం మొదటి నెల యార్డుకు దూరంగా ఉండటం మంచిది. తప్పనిసరై వెళ్తే తల వదులుగా కప్పుకుని, ఇంటికి రాగానే తలస్నానం చేయాలి. అంతకుముందే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, లేకపోతే ఆ ఘాటు చేతుల నుంచే తలకు ఎక్కుతుంది.

మొక్కుల గురించి క్లినిక్‌లో అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడగాలి. అయ్యప్ప దీక్షలో, భవానీ దీక్షలో రెండు పూటలా చన్నీళ్ల తలస్నానం ఉంటుంది. చెక్కులు రాలిపోయి గాట్లు మానాక శుభ్రమైన నీళ్లతో ఇంట్లో చేసే స్నానంతో చిక్కు లేదు. రద్దీ రోజుల్లో ఘాట్ల దగ్గర నిలిచిన నీళ్లలో మునగడం మాత్రం పొక్కులున్న తలకు మంచిది కాదు. తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంటే, ట్రాన్స్‌ప్లాంట్‌కు ముందే తీర్చుకోవడం అన్నిటికన్నా సులువు. తర్వాతైతే సర్జన్ సరేననే దాకా వాయిదా వేసుకోవాలి. చర్మానికి ఆనించి కత్తితో గీస్తే పొక్కుల తలలు తెగుతాయి, చివర వాడిగా తెగిన వెంట్రుకలు మళ్లీ లోపలికి తిరుగుతాయి. ఎక్కడ గుండు చేయించుకున్నా కొత్త బ్లేడు వేస్తున్నారో లేదో కళ్లారా చూసుకోవాలి.

మందుల షాపు ట్యూబులు

మందుల షాపులో "తలలో పొక్కులు" అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది మూడు మందులు కలిపిన ట్యూబు. అందులో ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు, వాటితో పాటు క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్ ఉంటాయి. పూసిన రెండు రోజులకే ఎర్రదనం, దురద మాయమవుతాయి. అది స్టెరాయిడ్ చేసిన పని. వాపును అది అణిచేస్తుంది కానీ, కింద క్రిమి ఉంటే దానికి అడ్డు తొలగించి పెడుతుంది. ట్యూబు ఆపగానే పొక్కులు రెట్టింపుగా వస్తాయి, మళ్లీ అదే ట్యూబు కొంటారు. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడుతుంది, స్టెరాయిడ్ వల్లే కొత్తగా ఫాలిక్యులైటిస్ వస్తుంది. ఈ దుర్వినియోగాన్ని ఆపడానికి చర్మ డాక్టర్లు ఏళ్లుగా పోరాడారు. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. ట్యూబు మీద పేరు చివర "సోన్" అనో "సాల్" అనో ఉన్న మందు కనిపిస్తే, పూసే ముందు అది స్టెరాయిడేనా అని డాక్టర్‌ని అడగాలి. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ముఖం వాపుకు సర్జన్ ఇచ్చే స్టెరాయిడ్ బిళ్లల సంగతి వేరు, అవి కొద్ది రోజుల కోర్సు.

డాక్టర్లు నిజంగా రాసే మందులు ఇవి. కొద్దిపాటి బ్యాక్టీరియా పొక్కులకు మ్యుపిరోసిన్, ఫ్యూసిడిక్ యాసిడ్, క్లిండమైసిన్ లాంటి పూతలు. తల కడుక్కోవడానికి క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం, అది కళ్లలో, చెవుల్లో పడకూడదు. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ కూడా రాస్తారు, అది తువ్వాళ్ల రంగు, వెంట్రుకల రంగు తీసేస్తుంది. ఫంగస్ అని తేలితే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ. ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్, సెఫలెక్సిన్ వంటి బిళ్లలు. వీటిలో ఏదీ సొంతంగా మొదలుపెట్టేది కాదు. క్రితంసారి పంటి నొప్పికి మిగిలిపోయిన యాంటీబయాటిక్ నాలుగు బిళ్లలు వేసుకోవడం అసలు పనికిరాదు. సగం కోర్సుతో క్రిములు చావవు, మందుకు మొండికేయడం నేర్చుకుంటాయి. డాక్సీసైక్లిన్ రాస్తే గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు, పాలతో కానీ ఐరన్ బిళ్లలతో కానీ కలిపి వేసుకోకూడదు. ఆ మందు వాడుతున్నప్పుడు చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. బెజవాడ ఎండల్లో తిరిగేవాళ్లు ఈ సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

జుట్టు పెరగడానికి పూసే మినాక్సిడిల్ లోషన్ వాడుతున్నవాళ్లకి దురద, పొట్టు, ఎర్రదనం ఆ లోషన్ వల్లే వచ్చి ఉండొచ్చు. దానిలో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరికి పడదు. సొంతంగా మానేయకుండా, వెంటనే సర్జన్‌కి చెప్తే కొన్నాళ్లు ఆపమనో, ఫోమ్ రూపంలో వాడమనో సలహా ఇస్తారు.

ఇక ఆలస్యం చేయకూడనివి

జ్వరం వచ్చినా, ఎర్రదనం పొక్కు చుట్టూ పాకుతున్నా, తల ముట్టుకుంటే కాలుతున్నట్టున్నా, చీము కారుతున్నా, దుర్వాసన వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చెవుల వెనక, మెడలో బిళ్లలు కట్టడం కూడా లోపల ఇన్‌ఫెక్షన్ పాకుతున్నదానికి గుర్తు. నాటిన చోట చర్మం నల్లగా మారడం వీటన్నిటికన్నా తీవ్రమైనది. అక్కడ రక్తప్రసరణ ఆగి చర్మం చచ్చిపోతోందని దాని అర్థం, గంటలు కూడా లెక్కే. ఇవేవీ లేకపోయినా, మూడు నాలుగు రోజులు కాపడం పెట్టినా తగ్గకుండా పొక్కుల సంఖ్య పెరుగుతుంటే చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ఆ మూడు రోజులు కూడా ఆగకూడదు.

సర్జన్ దూరంగా ఉంటే ఫొటో పంపడం మంచిదే. రోజూ ఒకే సమయంలో, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీస్తే పొక్కు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తెలుస్తుంది. కానీ గడ్డ మెత్తబడి లోపల చీము నిండిందా, చర్మం వేడిగా ఉందా, నొక్కితే ఎంత నొప్పి అన్నవి ఫొటోలో కనిపించవు. ఫోన్‌లో చెప్పిన మందు పనిచేయకపోతే రెండో మందు కూడా ఫోన్‌లోనే అడగకుండా, దగ్గర్లో ఉన్న చర్మ డాక్టర్‌కి తల చూపించాలి. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు వెళ్తే స్పెషలిస్టులకు కొదవ లేదు. ఖర్చు భరించలేనివాళ్లకి రెండు నగరాల్లోనూ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఎక్కడో చేయించుకుని వచ్చారని డాక్టర్ ఏమైనా అంటారేమో అన్న సిగ్గు అక్కర్లేదు. ఆపరేషన్ తేదీ, ఏ పద్ధతిలో చేశారు, ఎన్ని గ్రాఫ్ట్‌లు, ఇప్పటిదాకా పూసినవి, మింగినవి అన్నీ చెప్పాలి. మంగలి ఇచ్చిన నూనె దగ్గర్నుంచి మందుల షాపు ట్యూబు దాకా ఏదీ దాచకూడదు. చీము ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే దాన్ని కల్చర్ పరీక్షకు, అంటే ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకు, పంపడం వీలవుతుందేమో అడగాలి. మందు పడ్డాక తీసిన చీములో క్రిమి దొరక్కపోవచ్చు.

ఎవరు చేశారన్న ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయాల్సింది తగిన శిక్షణ పొందిన డాక్టర్లే. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకోవడం చాలదని అందులో స్పష్టంగా ఉంది. సెలూన్ పక్కన గదిలో టెక్నీషియన్లే అంతా చేసి పంపిన చోట, పరికరాలు సరిగా శుద్ధి చేశారో లేదో తెలియదు. అలా చేయించుకున్నవాళ్లకి పొక్కులు వస్తే ఇంటి వైద్యానికి ఇచ్చే గడువు ఇంకా తక్కువ ఉండాలి, ముందే చూపించుకోవాలి.

ఆరు నెలల తర్వాత కూడా వదలని పొక్కుల గురించి ఒక మాట. ఒకే రంధ్రం నుంచి ఐదారు వెంట్రుకలు కుచ్చులా రావడం, పొక్కు తగ్గిన చోట చర్మం నున్నగా మెరుస్తూ వెంట్రుక లేకుండా మిగలడం, కుదుళ్ల చుట్టూ ఎర్రటి వలయం, పొట్టు కట్టడం కనిపిస్తే అది మామూలు ఫాలిక్యులైటిస్ కాకపోవచ్చు. ఫాలిక్యులైటిస్ డీకాల్వాన్స్, లైకెన్ ప్లానోపైలారిస్ లాంటి జబ్బులు అరుదైనవే, కానీ అవి కుదుళ్లను శాశ్వతంగా చంపి మచ్చ మిగులుస్తాయి. వీటిని తేల్చడానికి చిన్న చర్మపు ముక్క తీసి బయాప్సీ చేస్తారు. ఎంత తొందరగా తేలితే అంత జుట్టు మిగులుతుంది. ఈ జబ్బు చురుగ్గా ఉన్న తల మీద రెండోసారి గ్రాఫ్ట్‌లు వేస్తే అవి కూడా నిలవవు. మామూలు పొక్కులే అయినా సరే, పల్చగా వచ్చిందని రెండో సిట్టింగ్‌కు అడ్వాన్స్ కట్టే ముందు తల పూర్తిగా నెమ్మదించిందని చర్మ డాక్టర్ చూసి చెప్పాలి.